కంట్రోల్ చార్ట్ ఒక్కసారి చేత్తో గీయండి

క్వాలిటీ కంట్రోల్ డిగ్రీ చదువుతున్నారా? కంట్రోల్ చార్టుల (ప్రాసెస్ నిలకడగా ఉందో లేదో చూపే గ్రాఫుల) పాఠం రాగానే సాఫ్ట్‌వేర్ తెరవకండి. 1924లో అమెరికా ఇంజినీరు వాల్టర్ షూహార్ట్ ఈ చార్టును ప్రతిపాదించినప్పుడు కంప్యూటర్లు ఎక్కడివి!

స్కేలు పెట్టకుండా, కంటి అంచనాతో 10 సెంటీమీటర్ల కాగితం ముక్కలు వంద కత్తిరించండి. కత్తిరించిన వరుసలోనే నంబర్లు వేయండి. వరుస తప్పితే చార్టుకు అర్థమే లేదు. కొలిచి, అయిదేసి చొప్పున 20 గుంపులు చేసి, ప్రతి గుంపు సగటు, రేంజ్ (గుంపులో అతి పెద్ద, అతి చిన్న కొలతల తేడా) రాసుకోండి. అన్ని రేంజ్‌ల సగటును 0.577తో గుణించి, మొత్తం సగటుకు కలిపితే సగటుల చార్టుకు పై హద్దు, తీసేస్తే కింది హద్దు. రేంజ్ చార్టుకైతే పై హద్దు రేంజ్‌ల సగటుకు 2.114 రెట్లు, కిందిది సున్నా.

హద్దుల గీతలు గీసి, గుంపుల సగటులు, రేంజ్‌లు వాటి వాటి చార్టుల్లో వరుసగా చుక్కలుగా పెట్టండి. హద్దు దాటిన చుక్క కనిపిస్తే అక్కడ ఏం మారిందో వెతకండి. కత్తెర మార్చారా, చెయ్యి నొప్పెట్టిందా?

చాలామంది తికమకపడేది స్పెసిఫికేషన్ హద్దుల దగ్గర. అవి కొనేవాడి అవసరాన్ని బట్టి వచ్చేవి, విడి ముక్కలకు వర్తించేవి. కంట్రోల్ హద్దులు ప్రాసెస్ నుంచే పుడతాయి. అందుకే సగటుల చార్టు మీద స్పెసిఫికేషన్ గీతలు గీయకూడదు. వైవాలో ఇది అడిగితే తడుముకోరు. సీపీ, సీపీకే (ప్రాసెస్ స్పెసిఫికేషన్ హద్దుల్లో ఎంత బాగా ఇముడుతుందో చెప్పే సూచికలు) లెక్కలంటారా, ప్రాసెస్ నిలకడగా ఉందని తేలాకే వాటి జోలికి వెళ్లండి.