యాంజియోప్లాస్టీ బెలూన్‌కి బర్స్ట్ టెస్ట్ ఎలా చేయాలంటే

గుండె రక్తనాళం సన్నబడితే డాక్టర్లు లోపలికి పంపి ఉబ్బించే బెలూన్ ఉంది కదా, అది ఎంత ప్రెషర్ దాకా తట్టుకుంటుందో ల్యాబ్‌లో చూసే పద్ధతి ఇది, టెస్టింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రాస్తున్నా.

శాంపిల్స్‌గా స్టెరిలైజేషన్ కూడా అయిపోయిన ఫైనల్ పీసులే తీసుకోండి. తయారీ లైన్ మీద నుంచి నేరుగా తెచ్చినవి ఎంత బాగా ఆగినా పేషెంట్‌కి వెళ్ళేవి అవి కాదుగా. వాటర్ బాత్ 37 డిగ్రీల దగ్గర పెట్టండి, చల్లటి నీళ్లలో ప్లాస్టిక్ కాస్త గట్టిగా ఉండి ఉన్నదానికంటే ఎక్కువ ప్రెషర్ ఆగినట్టు చూపిస్తుంది. బెలూన్ మధ్యలోంచి వెళ్లే లోపలి గొట్టంలో 0.014 అంగుళాల గైడ్‌వైర్ (బెలూన్‌కి దారి చూపే సన్నటి తీగ) పెట్టి, బెలూన్‌లో గాలి మొత్తం లాగేసి నీళ్లు నింపండి, గాలి మిగిలితే పగిలేటప్పుడు గట్టిగా పేలుతుంది, చిన్న లీక్ ఉన్నా గేజ్‌లో సరిగ్గా తెలీదు. కళ్లద్దాలు పెట్టుకోండి, గేజ్ కాలిబ్రేషన్ డేట్ కూడా ఒకసారి చూడండి.

ఇక ప్రెషర్‌ని ఒక్కో అట్మాస్ఫియర్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర ప్రోటోకాల్‌లో రాసినంత సేపు ఆపి, డయామీటర్ కొలిచి రాసుకుంటూ పోవాలి, పగిలేదాకా.

పగిలిన నంబర్ రాసేసి పీస్ చెత్తబుట్టలో పడేస్తారు చాలామంది, అది మాత్రం చేయొద్దు. ఎలా పగిలిందో చూడాలి. బెండకాయ చీల్చినట్టు నిలువుగా చీలితే పర్లేదు, అడ్డంగా చుట్టూ తెగిందంటే వెనక్కి లాగేటప్పుడు ముక్క నాళంలోనే ఉండిపోయే ప్రమాదం, పిన్‌హోల్ పడితే సన్నటి ధార నాళం గోడకి తగులుతుంది. బెలూన్ బాగానే ఉండి అతుకు దగ్గరో షాఫ్ట్‌లోనో (బెలూన్ బిగించి ఉండే పొడవాటి గొట్టం) లీకైనా అది కూడా ఫెయిల్యూరే, "బెలూన్ పగల్లేదు కదా" అని లెక్కలోంచి తీసేయడం కుదరదు.

లేబుల్ మీద వేసే రేటెడ్ బర్స్ట్ ప్రెషర్ అంటే సగటు కాదు. 95 శాతం కాన్ఫిడెన్స్‌తో 99.9 శాతం బెలూన్లు ఆ ప్రెషర్‌లో పగలకూడదు అని లెక్క. స్టాండర్డ్ డీవియేషన్‌ని (రీడింగులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) కే ఫ్యాక్టర్‌తో (శాంపిల్స్ సంఖ్యను బట్టి స్టాటిస్టిక్స్ టేబుల్‌లోంచి తీసుకునే అంకె) గుణించి, వచ్చింది సగటులోంచి తీసేస్తాం, 30 శాంపిల్స్‌కి కే సుమారు 4. సగటు 22 అట్మాస్ఫియర్లు, డీవియేషన్ 0.8 అనుకోండి, 18.8 వస్తుంది, లేబుల్ మీద 18 వేయొచ్చు. అదే సగటుకి డీవియేషన్ 2 అయితే 14కి పడిపోతుంది! అందుకే నేనైతే సగటు కంటే ముందు డీవియేషనే చూస్తా, అది పెద్దగా ఉంటే బెలూన్ మోల్డింగ్‌లో ఏదో తేడా ఉన్నట్టే.

తర్వాత వేరే శాంపిల్స్‌ని రేటెడ్ ప్రెషర్ దాకా పదేపదే ఉబ్బించి దించే ఫెటీగ్ టెస్ట్ ఉంటుంది. ఉబ్బడానికి, దిగడానికి పట్టే టైమ్ మాత్రం ఉత్త నీళ్లతో కొలవకండి, హాస్పిటల్లో వాడేది కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) సగం సెలైన్ సగం, అది చిక్కగా ఉండి నెమ్మదిగా బయటికొస్తుంది, బెలూన్ దిగేదాకా ఆ నాళంలో రక్తం ఆగిపోయే ఉంటుంది మరి.