కోనసీమ వెళ్తే డికాక్షన్ వెంట ఉంచుకోండి

కాఫీ ప్రియులు కోనసీమలో తీరిగ్గా తిరగాలనుకుంటే, పొద్దున్నే ఫిల్టర్ వేసి, చిక్కటి డికాక్షన్ చల్లారాక చిన్న గాజు సీసాలో పోసుకుని బయల్దేరండి. దారిలో ఏ టీ కొట్టు దగ్గరైనా ఆగి, "బాబాయ్, పంచదార వేయకుండా ఒక గ్లాసు వేడిపాలు ఇవ్వండి" అంటే కాదనరు. పొంగు వచ్చిన పాలలో రెండు మూడు చెంచాల డికాక్షన్ కలిపితే చాలు, కాఫీ చల్లారదు. డికాక్షన్‌ని మాత్రం మళ్లీ మరిగించొద్దు, కమ్మటి వాసన పోయి చేదెక్కుతుంది. పొడి తీసుకెళ్లేవాళ్లు బిగుతు మూత డబ్బాలో కొంచెమే పెట్టుకోండి. ఈ కాలవల గాలికి, వానాకాలమైతే మరీనూ, ఇట్టే తేమ పట్టేస్తుంది.

నా మట్టుకు సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం చేరేలోపు తాగే కాఫీకి సాటి లేదు. పాలు రేవులోనే కలిపేసుకోండి.