ఫోన్‌లోనూ ఖాతాల్లోనూ పేరు మార్చడం: ఏ పేరు ఎక్కడ ఉంటుంది

పేరు మార్చినా అవతలివాళ్ళకి పాతదే కనిపిస్తోందంటే, చాలాసార్లు మార్చాల్సిన చోట కాకుండా ఇంకోచోట మార్చారని అర్థం. బ్లూటూత్ జాబితాలో కనిపించే పేరు ఫోన్‌ది. మెయిల్ పైన కనిపించేది ఖాతాది. స్నేహితుడి వాట్సాప్‌లో కనిపించేది చాలావరకు ఆయన తన కాంటాక్ట్స్‌లో రాసుకున్నది, దాని మీద మీ చెయ్యి పడదు. అందుకని ముందు పాత పేరు కచ్చితంగా ఏ తెర మీద కనిపిస్తోందో చూసుకుని, తర్వాత సెట్టింగ్స్ తెరవండి.

ఫోన్ పేరు

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అబౌట్ ఫోన్ తెరిస్తే డివైస్ నేమ్ ఉంటుంది. శాంసంగ్‌లో అదే పేజీలో పైన కనిపించే పేరు దగ్గర ఎడిట్ నొక్కాలి. కంపెనీని బట్టి మెనూలు అటూఇటూ మారతాయి కాబట్టి వెతుక్కోవడం కన్నా సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో డివైస్ నేమ్ అని కొట్టడం సులువు. చాలా ఫోన్లలో ఇక్కడ మారిస్తే బ్లూటూత్‌లోనూ, దగ్గరి ఫోన్లకి ఫైళ్ళు పంపే క్విక్ షేర్‌లోనూ మారిపోతుంది. మారకపోతే బ్లూటూత్ పేజీలో విడిగా ఇంకో డివైస్ నేమ్ ఉందేమో చూడండి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. బ్లూటూత్‌లో జతైన పరికరం పక్కన గేర్ గుర్తు నొక్కి పేరు మారిస్తే మారేది మీ ఫోన్‌లో ఆ పరికరానికున్న పేరే. మీ ఫోన్ పేరు అలాగే ఉంటుంది. ఇంకోటి, అంతకుముందే జతైన కారు స్టీరియో, ల్యాప్‌టాప్ వంటివి పాత పేరును దాచుకుని దాన్నే చూపిస్తుంటాయి. వాటిలో మీ ఫోన్‌ను తీసేసి మళ్ళీ జత చేస్తే సరిపోతుంది.

హాట్‌స్పాట్ పేరు ఆండ్రాయిడ్‌లో సాధారణంగా వేరే చోట ఉంటుంది: నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్, అందులో వైఫై హాట్‌స్పాట్. కొన్ని కంపెనీలు దీన్ని కనెక్షన్స్ కింద పెడతాయి. ఇది మార్చిన మరుక్షణం మీ ల్యాప్‌టాప్, టీవీ అన్నీ డిస్‌కనెక్ట్ అవుతాయి. వాటి లెక్కలో ఇది కొత్త నెట్‌వర్క్. పాస్‌వర్డ్ అదే అయినా మళ్ళీ కొట్టాల్సిందే.

వైఫై పేరుకి 32 బైట్ల పరిమితి ఉంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో మాత్రం ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. చూడ్డానికి చిన్నదే అయినా ‘లక్ష్మి’ అన్న పేరు లోపల ఏడు ముక్కలు, అంటే 21 బైట్లు. దానికి ఒక ఖాళీ, ఆపైన ‘ఫోన్’ చేరిస్తే మొత్తం 34. పరిమితి దాటేసింది. తెలుగులో పేరు పెట్టాలని ముచ్చటగా ఉంటే ఒక్క చిన్న మాటతో ఆపండి. పాత పరికరాల్లో అది డబ్బాలుగానో ప్రశ్న గుర్తులుగానో కనిపించవచ్చు కూడా, కాబట్టి హాట్‌స్పాట్‌కి ఇంగ్లిష్ అక్షరాలే నయం.

ఐఫోన్‌లో ఇలా పేర్లు వేర్వేరు చోట్ల ఉండే గొడవ లేదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్, నేమ్. ఎయిర్‌డ్రాప్, బ్లూటూత్, పర్సనల్ హాట్‌స్పాట్ అన్నీ ఇక్కడి పేరునే వాడుకుంటాయి. హాట్‌స్పాట్‌కి విడిగా పేరు పెట్టే వీలు లేకపోవడం దీని మరో ముఖం. హాట్‌స్పాట్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ పేరు చుట్టుపక్కల ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తుంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టుకోకపోవడమే మంచిది. మీకు గుర్తుపట్టేలా ఉంటే చాలు.

గూగుల్ ఖాతా, జీమెయిల్

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ తెరిచి, మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, తర్వాత పర్సనల్ ఇన్ఫో, నేమ్. కంప్యూటర్‌లోనైనా ఐఫోన్‌లోనైనా మీ గూగుల్ ఖాతా పేజీలో ఇదే దారి. ఆఫీసు, కాలేజీ ఇచ్చిన ఖాతా అయితే ఈ చోటు తాళం వేసి ఉండవచ్చు. అక్కడ అడ్మిన్‌ను అడగాల్సిందే. పేరు మారినా మెయిల్ అడ్రస్ మారదన్నది గుర్తుంచుకోండి.

ఖాతాలో కొత్త పేరు వచ్చేసింది, పంపే మెయిల్ మాత్రం పాత పేరుతోనే పోతోంది. దీనికి కారణం జీమెయిల్ తన దగ్గర విడిగా ఒక పేరు పెట్టుకోవడం. కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, గేర్ గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్ అన్న ట్యాబ్‌కి వెళ్ళండి. సెండ్ మెయిల్ యాజ్ ఎదురుగా ఎడిట్ ఇన్ఫో నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో రెండు గుండ్రటి బటన్లు ఉంటాయి. ఒకదాని పక్కన ఖాతా పేరు, రెండోదాని పక్కన మనం టైప్ చేసుకునే పెట్టె. ఎప్పుడో రెండోది ఎంచుకుని ఉంటే ఖాతాలో ఎన్నిసార్లు మార్చినా మెయిల్‌కి అది అంటదు. మొదటి బటన్ ఎంచుకుని సేవ్ చేయండి. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఈ సెట్టింగ్ లేదు.

ఇప్పటికే పంపేసిన మెయిళ్ళ మీద పాత పేరే ఉండిపోతుంది. మెయిల్ కింద వచ్చే సిగ్నేచర్ కూడా తనంతట తాను మారదు, దాన్ని చేత్తో మార్చాలి.

యూట్యూబ్ ఛానల్ పేరు దారి వేరు. యూట్యూబ్‌లో మారిస్తే గూగుల్ ఖాతా పేరు మారదు. 14 రోజుల్లో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తుంది. వెరిఫికేషన్ టిక్కు ఉన్న ఛానల్ అయితే పేరు మార్చగానే ఆ టిక్కు పోతుంది.

వాట్సాప్, ఫేస్‌బుక్, తక్కినవి

వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి పైనున్న మీ ఫొటో నొక్కితే పేరు వస్తుంది. పరిమితి 25 అక్షరాలు. ఈ పేరు ముఖ్యంగా మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళ కోసం. గ్రూపుల్లో వాళ్ళకి మీ నంబరుతో పాటు ముందు అలల గీతతో ఈ పేరు కనిపిస్తుంది. నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న పేరే. పెళ్ళయ్యాకో, గెజిట్‌లో పేరు మార్చుకున్నాకో పాత పేరు పోవాలంటే నలుగురికీ చెప్పి మార్పించుకోవడం తప్ప దారి లేదు.

అన్నింట్లోకీ జాగ్రత్త పడాల్సింది ఫేస్‌బుక్‌తో. అకౌంట్స్ సెంటర్, ప్రొఫైల్స్, నేమ్ అని వెళ్ళి ఒకసారి మార్చాక 60 రోజుల దాకా మళ్ళీ మార్చనివ్వదు. అక్షరం తప్పు పడితే రెండు నెలలు ఆ తప్పుతోనే తిరగాలి. అందుకే సేవ్ నొక్కే ముందు స్పెల్లింగ్ ఒక్కో అక్షరమూ చదవండి. అంకెలు, గుర్తులు, ఒకే పేరులో రెండు భాషల లిపులు కలపడం ఒప్పుకోదు. అనుమానం వస్తే గుర్తింపు పత్రం అడుగుతుంది, కాబట్టి పత్రాల్లో ఉన్న పేరుకి దగ్గరగా ఉండేదే రాయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో నేమ్ వేరు, ప్రొఫైల్ లింకులో ఉండే యూజర్‌నేమ్ వేరు. నేమ్‌ను 14 రోజుల్లో రెండుసార్లు మార్చవచ్చు. యూజర్‌నేమ్ మార్చేముందు మాత్రం ఆలోచించండి, పాత ప్రొఫైల్ లింకులు మీ దగ్గరికి రావు. విజిటింగ్ కార్డు మీదో, వెబ్‌సైట్‌లోనో ఆ లింకు ఇచ్చి ఉంటే వాటినీ మార్చుకోవాలి. ఎక్స్‌లోనూ (పాత ట్విట్టర్) అంతే. పేరుకి 50 అక్షరాలు, యూజర్‌నేమ్‌కి 15. ఫాలోయర్లు పోరు గానీ పాత పోస్టుల్లో ఇతరులు మిమ్మల్ని ట్యాగ్ చేసిన లింకులు తెగిపోతాయి.

జూమ్ మీటింగులో పార్టిసిపెంట్స్ జాబితాలో రీనేమ్ నొక్కి మార్చిన పేరు ఆ మీటింగ్ కోసం. శాశ్వతంగా మారాలంటే ప్రొఫైల్‌లో మార్చాలి. హోస్ట్ రీనేమ్ ఆపేసి ఉంటే మీటింగులో మీకు ఆ బటనే కనిపించదు. గూగుల్ మీట్‌లో సైన్ ఇన్ చేసి చేరితే ఖాతా పేరే వస్తుంది.

బ్యాంకు ఖాతా నుంచి పేరు తెచ్చుకునే పేమెంట్ యాప్‌ల సంగతి వేరు. యాప్‌లో ఎంత వెతికినా లాభం ఉండదు, బ్యాంకులో పత్రాలిచ్చి మార్పించుకోవాలి.

అంతా మార్చాక మీ ఫోన్‌లోనే చూసుకుంటే నమ్మకం లేదు, పాత పేరు క్యాష్‌లో, అంటే ఫోన్ తాత్కాలికంగా దాచుకున్న సమాచారంలో, ఉండి కనిపించవచ్చు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ (మీ లాగిన్‌లు, పాత సమాచారం వాడనిది) తెరిచి మీ ప్రొఫైల్ చూడండి. మిమ్మల్ని కాంటాక్ట్స్‌లో పెట్టుకోని వాళ్ళెవరికైనా ఒక మెయిల్, ఒక వాట్సాప్ మెసేజ్ పంపి స్క్రీన్‌షాట్ అడగండి. అందులో ఏ పేరు వస్తే తెలియనివాళ్ళకి కనిపించేది అదే.