యౌవనస్థుల కూడిక నడపడం – 4వ పాఠం: చిన్న గుంపులో చర్చ

చర్చి యువత కూడికలో పాటలు, వాక్యం (బైబిల్ ప్రసంగం) అయ్యాక మిగిలే నలభై నిమిషాల గురించే ఈ పాఠం. కొత్త లీడర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

గుంపుకు ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. హైస్కూలు పిల్లల్ని, ఇంటర్ వాళ్లని కలపొద్దు. పెద్దవాళ్ల ముందు ఎనిమిదో తరగతి వాడు నోరు విప్పడు. ఆడపిల్లల గుంపుకు అక్క, మగపిల్లలకు అన్న, ప్రతి గుంపులో తోడుగా ఇంకో పెద్ద ఉండాలి. చాపలు వేసి గుండ్రంగా కూర్చోబెట్టండి. లీడర్ కూడా కిందే కూర్చోవాలి. కుర్చీ వేసుకున్నారా, అది ట్యూషన్ అయిపోతుంది.

ఇక ప్రశ్నలు. మార్కు 2:1–12 తీసుకుందాం: పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించిన సంగతి. "దీని నుంచి ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే "ప్రార్థన చేయాలి, బైబిల్ చదవాలి" అంటారు. ఏ భాగానికైనా అదే జవాబు! ముందు కంటికి కనిపించేది అడగండి: "ఆ రోగి ఒక్క మాటైనా మాట్లాడాడా?" మళ్లీ చదివితే గానీ చెప్పలేరు. తర్వాత కాస్త గుచ్చుకునేది: "నడవాలని వచ్చినవాడితో యేసు ముందు పాపక్షమాపణ గురించి ఎందుకు మాట్లాడాడు?" చివరికి వాళ్ల బతుకులోకి: "మీ క్లాసులో ఎవరినైనా అలా మోయాల్సి ఉందా?" మొత్తం ఐదు ప్రశ్నలు చాలు. ఒక్కోటి ఒక్క వాక్యంలో, కాగితం మీద రాసుకుని వెళ్లండి.

అడిగాక మనసులో పది వరకు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దానికి ఓర్చుకోలేక జవాబు మీరే చెప్పేస్తే, "ఊరకుంటే అన్నే చెప్తాడు" అని పిల్లలు రెండు వారాల్లో కనిపెట్టేస్తారు. ఆ తర్వాత ఎవరి చేతా మాట్లాడించలేరు. అయినా పలకకపోతే పక్కవాళ్లతో ఇద్దరిద్దరుగా రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి. అన్నిటికీ జవాబు తెలిసిన పిల్లాడు (చాలాసార్లు పాస్టర్ గారబ్బాయే) ఉంటే, అందరూ చెప్పాక చివర్లో చెప్పమనండి.

వచనాలు చదివించే ముందు ఒకమాట. తిరుపతిలో ఇంగ్లీషు మీడియం పిల్లలు ఎక్కువ. "మోయించుకొని" దగ్గర నాలుక తిరగక, పదిమంది నవ్వితే ఆ పిల్ల మళ్లీ వారం రాదు. ఎవరు చదువుతారో ముందే అడగండి, ఇంగ్లీషు బైబిల్లో చదివినా సరే అనండి.

ఎవరైనా పక్కకు పిలిచి "ఎవరికీ చెప్పనని మాటివ్వన్నా" అంటే మాటివ్వొద్దు. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సినవాళ్లకు చెప్తాను" అని ముందే చెప్పండి. నలుగురికీ కనపడే చోటే కూర్చుని వినండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. సంఘ పెద్దల దగ్గర పంచాయతీ పెట్టి సర్దుబాటు చేసే వ్యవహారం కాదిది. గుచ్చి గుచ్చి ప్రశ్నించకుండా, పిల్లలు చెప్పిన మాటల్ని చెప్పినట్టే తేదీతో రాసి పెట్టండి.

ముగింపు ప్రార్థనలో ఇంటి గొడవలు పేర్లతో సహా బయటపెట్టొద్దు. ప్రార్థన మనవి పేరుతో ఊరంతా చాటడం మన సంఘాల్లో పాత జబ్బు. రేణిగుంట, చంద్రగిరి వైపు వెళ్లేవాళ్ల బస్సు దాటిపోకుండా చెప్పిన వేళకే ముగించండి. ఆలస్యమైతే వచ్చేవారం ఇంట్లోవాళ్లు పంపరు. తల్లిదండ్రులు చర్చికి రాని ఇళ్ల పిల్లలకైతే వాళ్ల అనుమతి ముందే తీసుకుని ఉండాలి.

అభ్యాసం: లూకా 15:11–32కు (తప్పిపోయిన కుమారుని ఉపమానం) ఐదు ప్రశ్నలు రాయండి. "అవును" అని తేల్చేయగలిగిన వాటిని కొట్టేసి మళ్లీ రాయండి. తమ్ముడు తిరిగొచ్చాడని చేసిన విందుకు అలిగి బయటే ఉన్న పెద్ద కొడుకు చివరికి ఇంట్లోకి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. ఒక ప్రశ్న దాని మీద ఉండాలి, దానికి జవాబు మాత్రం మీరు రాసుకోకండి.