వానరోజు కొచ్చిలో యూదుల వీధి చూడాలంటే ఎలా?

మన కేరళ ప్యాకేజీల్లో కొచ్చికి ఒక పూట ఇస్తే గొప్ప. ఆ పూటలో చైనా వలల దగ్గర ఫొటోలు, షాపింగ్ అయ్యాక మిగిలిన పావుగంటలో మట్టాంచేరి జ్యూ టౌన్‌కి, అంటే యూదుల వీధికి పరుగెత్తుతారు. తీరా వెళ్తే యూదుల ప్రార్థనా మందిరం మూసి ఉంటుంది. 'వానకి మూసేశారేమో' అనుకుంటూ తిరిగి బస్సెక్కేస్తారు. వానకి మూయరండీ. మనం ఎంచుకున్న రోజే తప్పు.

అసలు ఈ వీధికి వానాకాలమే సరైన కాలం. చలికాలంలో ఓడల్లో వచ్చే విదేశీ టూరిస్టులతో ఇక్కడ అడుగు తీసి అడుగు వేయలేం. జూన్, జులైలో ఆ రద్దీ ఉండదు. తడిగాలికి దుకాణాల్లోని మిరియాలు, శొంఠి వాసన కూడా బాగా పడుతుంది.

కావలసినవి: గొడుగు, చేత్తో ముట్టకుండా విప్పగలిగే చెప్పులు, చిన్న తువ్వాలు, టికెట్‌కి చిల్లర. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. నిక్కర్లతో వస్తే లోపలికి పంపరు. రెయిన్‌కోటు తేవద్దు. విప్పాక ఆ నీళ్లోడే కోటును చేత్తో పట్టుకుని తిరగడం కన్నా తడవడమే నయం. షూ అసలే వద్దు.

ఎర్నాకులం నుంచి బోటులో వెళ్లాలి. కారులో వెళ్తే వానరోజు వంతెనల మీద ట్రాఫిక్‌లోనే సగం పొద్దు గడిచిపోతుంది. ఫోర్ట్ కొచ్చిలో దిగి ఆటో మాట్లాడుకుంటే సరి. పైగా ఈ ఊరికి నీటి మీద రావడమే న్యాయం. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదల్లో కొడుంగల్లూరు పాత రేవు మేట వేసి దెబ్బతింది, ఇటు కొచ్చి రేవు తెరుచుకుంది. వ్యాపారం ఇటు తిరిగింది, వ్యాపారులూ వచ్చారు, వాళ్లలో యూదులూ ఉన్నారు. వానా వరదా లేకపోతే ఈ వీధే లేదు.

ఇక అందరూ తప్పేది ఒక్కచోటే, రోజు కుదుర్చుకోవడంలో. ఇది జాగ్రత్తగా చదవండి.

యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం, అంటే అది శుక్రవారం సాయంత్రమే మొదలైపోతుంది. అందుకని శనివారం తలుపు తీయరు. శుక్రవారం పొద్దున కాసేపు తెరుస్తారని ఆటోవాళ్లు చెబుతారు, నమ్మి బయల్దేరకండి. శుక్రవారం మందిరం గోడ పక్కనే ఉన్న డచ్ ప్యాలెస్‌కీ, అంటే కొచ్చి రాజుల పాత భవనానికీ సెలవే. వానలో రెండు మూసిన తలుపులు చూసి రావాల్సి ఉంటుంది. కాబట్టి ఆదివారం నుంచి గురువారం లోపే పెట్టుకోండి.

అక్కడితో అయిపోలేదు. యూదుల పండగలకూ సందర్శకులను రానివ్వరు. వాళ్ల క్యాలెండర్ కూడా మన పంచాంగంలాగే చాంద్రమాన నెలలది, అధిక మాసం ఉన్నది. అందుకే ఇంగ్లీషు తేదీలు ఏటా మారుతుంటాయి. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా చాలా ఏళ్లు మహాలయ అమావాస్య దాటగానే వస్తుంది. అంటే సరిగ్గా మన దసరా సెలవులు! ఆ వెంటనే పదో రోజున యోమ్ కిప్పూర్ ఉపవాసం, తర్వాత పౌర్ణమికి సుక్కోత్ పండగ మొదలు. మూడు వారాల పైచిలుకు రోజుల్లో ఎప్పుడు వెళ్లినా మూసి ఉండే అవకాశం ఎక్కువే. పిల్లలకు దసరా సెలవులు కదా అని టికెట్లు కొనేసేవాళ్లు ముందు ఆ ఏడాది యూదుల పండగల తేదీలు చూసుకోవాలి. చూసుకోరు. మళ్లీ నాకే ఫోన్ చేసి 'మూసుందండీ' అంటారు.

తర్వాత వెళ్లే వేళ. మామూలుగా పది నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ మూడు నుంచి ఐదు వరకు చూడనిస్తారు. మీరు పదింటికే గుమ్మం ముందుండాలి. అక్టోబర్, నవంబర్‌లో అయితే ఇది మరీ ముఖ్యం. జూన్, జులై వాన పొద్దంతా పడుతుంది, దానికి వేళంటూ లేదు. అక్టోబర్ వాన అలా కాదు, పొద్దుటంతా ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో దంచుతుంది. మూడింటికి వెళ్దాంలే అనుకున్నవాళ్లు ఏ దుకాణం చూరు కిందో ఇరుక్కుపోతారు.

లోపలికి అడుగు పెట్టే ముందు కాళ్లు తుడుచుకోండి, తువ్వాలు అందుకే. కింద ఉన్నవి 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన, చేత్తో రంగులు వేసిన నీలం తెలుపు పలకలు. తడికాళ్లతో జారతారు కూడా. పైన వేలాడే బెల్జియం గాజు దీపాలకేసి నోరు తెరుచుకుని చూసే పని తర్వాత పెట్టుకోండి. గోడవారన ఉన్న బల్ల మీద కూర్చుని, రెండు పలకలు ఎంచుకుని పోల్చి చూడండి. బొమ్మ ఒకటే అనిపిస్తుంది, కానీ ఒకదాంట్లో చెట్టుకొమ్మ కాస్త వంగి ఉంటుంది, రెండోదాంట్లో నిటారుగా ఉంటుంది. ఒకచోట గీత మందం, ఒకచోట కుంచె ఎండిపోయి సన్నం. ఇవి మొదట రాజావారి భవనానికి తెప్పించారనీ, తయారీలో ఎద్దు రక్తం వాడారని ఎవరో చెప్పడంతో ఆయన వద్దంటే యూదులు తీసుకున్నారనీ ఒక కథ ఉంది. కథే, కానీ గైడ్లు చెప్పకుండా వదలరు.

మందిరం కట్టింది 1568లో, గడియార స్తంభం 1760లో. బయటి గోడలో 1344 నాటి శిలాఫలకం ఒకటి ఉంది, ఈ ఊళ్లోనే కొచ్చంగాడిలో ఒకప్పుడు ఉన్న పాత మందిరానిది. దాన్ని దాటేసి వెళ్లిపోకండి. ఇంకో సంగతి కూడా తెలుసుకుని వెళ్లాలి. విడుదలైన బానిసల సంతతి అని కొందరు యూదులను ఈ మందిరంలో సమానంగా కూర్చోనిచ్చేవారు కాదు. వాళ్లలోంచి వచ్చిన లాయరు ఎ.బి. సాలెం, గాంధీ పద్ధతిలో సత్యాగ్రహం చేసి ఆ కట్టుబాటును కదిలించాడు. గైడ్లు పలకల కథ చెప్పినంత ఉత్సాహంగా ఇది చెప్పరు.

భోజనం దగ్గర 'యూదుల వంట' అన్న బోర్డును నమ్మకండి. 1948 తర్వాత ఇక్కడి యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఈ వీధిలో ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు దొరికేది వాళ్ల వంటను నేర్చుకున్నవాళ్ల చేతి వంట. అందులో తప్పేం లేదు, వంట సరిగ్గా ఉంటే. ఆర్డర్ ఇచ్చే ముందు మెనూ చూడండి. 'యూదుల వంట' అని రాసి రొయ్యలో, పీతలో పెడితే లేచి వచ్చేయండి. పొలుసు, రెక్క ఉన్న చేపే వాళ్లు తింటారు. మాంసంలో పాలు, వెన్న, క్రీమ్ పడకూడదు. చిక్కదనం కొబ్బరిపాలతోనే రావాలి.

అడగాల్సినవి రెండు. చుట్టుల్లి మీన్, అంటే చిన్న ఉల్లిపాయల ముద్ద పట్టించి కాల్చిన చేప. రెండోది పస్టెల్, లోపల కోడిమాంసమో గుడ్డో పెట్టి మన కజ్జికాయలా మడిచి వేయించేది. వేడిగా ఉంటేనే తినండి, చల్లారిందంటే నూనె తేలుతుంది. శాకాహారులకు ఇక్కడ యూదుల వంటకమని చెప్పుకోదగ్గది దొరకడం కష్టం. అప్పం, కూరగాయల స్ట్యూ తినేసి రండి. అది కేరళ భోజనం, అంతే.

మధ్యాహ్నం వాన తగ్గకపోతే డచ్ ప్యాలెస్‌లో రామాయణం కుడ్యచిత్రాలు చూస్తూ గడిపేయొచ్చు. తగ్గితే బోటెక్కి ఎర్నాకులం మార్కెట్ రోడ్డుకు రండి. అక్కడ మొక్కలు, అక్వేరియం చేపలు అమ్మే దుకాణం వెనక కడవుంభాగం అనే ఇంకో యూదుల మందిరం ఉంది. ముందు దుకాణంలో అడగాలి, వాళ్లే చూపిస్తారు. చూపించారు కదా అని ఊరికే వచ్చేయకుండా ఓ మొక్కైనా కొనండి.