జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింట్ తీయించే ముందు

అమీర్‌పేటలో హాస్టల్‌లో చేరాలన్నా, కోచింగ్‌లో చేరాలన్నా ముందు అడిగేది ఆధార్ జిరాక్సే. మొన్న నేను ప్రింట్ కోసం నిలబడ్డప్పుడు షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచే ఉంది. వరసగా ఎవరెవరివో పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, ఒకమ్మాయి మార్కుల మెమో, ఫొటోతో సహా. చూస్తే భయమేసింది. మీరు వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

– మైఆధార్ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ముందు అదే ఇచ్చి చూడండి.

– పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. కాస్త తెలిసినవాళ్లెవరైనా ఊహించగలరు.

– షాపు వాట్సాప్‌కి పంపితే, ప్రింట్ చేతికి రాగానే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కండి. అంతటితో అయిపోదు. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ అయిన కాపీ అలాగే ఉంటుంది. "అన్నా, ఆ ఫైల్ తీసెయ్యి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా" అని అడగండి. తీసేదాకా కదలకండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, ఆ కాగితం మీది.

– మీ వాట్సాప్ అక్కడే తెరిచారా? లింక్‌డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయండి.

– కాపీ మీద ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో, తేదీతో సహా రాసి సంతకం పెట్టండి. సరిగా రాని ప్రింట్లు బుట్టలో వేయకుండా వెంట తెచ్చుకోండి.

– వేలిముద్రతో డబ్బు తీసే పని మీకు లేకపోతే, ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉంచండి.

– సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 హెల్ప్‌లైన్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఖాతాలో డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేయాల్సింది ఆ నంబర్‌కే.