అమెరికా జ్యూరీలో కూర్చున్నప్పుడు సాక్ష్యాన్ని తూచడం ఎలా?

సిటిజన్‌షిప్ వచ్చిన కొన్నాళ్ళకు ఇంటికి కోర్టు నుంచి ఒక కవరు వస్తుంది. అదే జ్యూరీ డ్యూటీ సమన్లు, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో (జ్యూరీలో) కూర్చోవడానికి రమ్మనే పిలుపు. దీని గురించి ఇంట్లో పెద్దవాళ్ళను అడుగుదామంటే వాళ్ళకూ తెలియదు. ఇండియాలో 1959లో, భార్య ప్రియుడిని చంపాడన్న ఆరోపణపై నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన కేసులో ఎనిమిది మంది జ్యూరీ సభ్యులు నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. జడ్జి ఆ తీర్పును ఒప్పుకోక కేసును బొంబాయి హైకోర్టుకు పంపారు. ఆ తర్వాత మన దేశంలో జ్యూరీ విచారణలు క్రమంగా కనుమరుగయ్యాయి. అందుకే ఈ పని మనం మొదటి నుంచి నేర్చుకోవాలి.

1. ఏది సాక్ష్యమో ముందు తేల్చుకోండి

ప్రమాణం చేసి సాక్షి చెప్పిన మాట, జడ్జి అనుమతించిన ఎగ్జిబిట్లు (కోర్టులో చూపే వస్తువులు, కాగితాలు), ఇరుపక్షాలూ ఒప్పుకున్న విషయాలు మాత్రమే సాక్ష్యం. లాయర్ల వాదన ఎంత బాగున్నా సాక్ష్యం కాదు. "ఆ రాత్రి మీరు తాగి ఉన్నారు కదా?" అని లాయరు అడిగితే, సాక్షి "లేదు" అంటే, తాగి ఉన్నాడనడానికి ఆ ప్రశ్న ఆధారం కాదు. జడ్జి కొట్టేయమన్న జవాబును లెక్కలోకి తీసుకోకూడదు. ఫోన్‌లో కేసు గురించి వెతకడం, ఘటన జరిగిన చోటు చూసి రావడం అస్సలు వద్దు. మీరు అలా తెలుసుకున్నదాన్ని నిలదీసే అవకాశం ఏ పక్షానికీ ఉండదు.

2. కళ్ళారా చూడలేదని తోసేయకండి

సున్నుండల డబ్బా మూత తీసి ఉంది. అలమర కింద స్టూలు ఉంది. పిల్లాడి మూతికి పిండి ఉంది. వాడు తీయడం ఎవరూ చూడలేదు. అయినా మీకు అర్థమైపోయింది. పరిస్థితులను బట్టి తేల్చే సాక్ష్యమంటే ఇదే. ప్రత్యక్ష సాక్ష్యానికి ఉన్నంత విలువ దీనికీ ఉండవచ్చు. కాకపోతే మరో ప్రశ్న వేసుకోవాలి: తాతయ్య తీసి వాడి చేతిలో పెట్టి ఉండవచ్చా? తాతయ్య ఆ రోజు ఊళ్ళోనే లేరని తెలిస్తే సంగతి వేరు. ఆయన పక్క గదిలోనే ఉంటే ఆ అనుమానానికి బలం ఉన్నట్టే.

3. సాక్షి గొంతును కాదు, సాక్షికి దొరికిన అవకాశాన్ని చూడండి

నా దృష్టిలో జ్యూరీ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నార్త్ కరోలినాలో 1984లో జరిగిన ఒక అత్యాచారం కేసులో బాధితురాలు రోనాల్డ్ కాటన్‌ను గట్టిగా గుర్తుపట్టారు. ఆమె అబద్ధమాడలేదు, పొరబడ్డారు. పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్‌ఏ పరీక్షతో అతను నిర్దోషి అని తేలింది.

అందుకని ఇవి అడుగుతూ పోండి. వెలుతురు ఎంత? ఎంత దూరం నుంచి, ఎంతసేపు చూశారు? మొదట పోలీసులకు చెప్పినదీ ఇప్పుడు చెబుతున్నదీ ఒకటేనా? ఈ కేసు ఎటు తేలితే ఈ సాక్షికి లాభం? చిన్న తేడాలు ఎవరి జ్ఞాపకంలోనైనా వస్తాయి, అసలు విషయంలోనే తేడా వస్తే ఆగి ఆలోచించాలి. సాక్షి తడబడితే అబద్ధమనుకోకండి. మన యాసలో ఇంగ్లీషు మాట్లాడే వాళ్ళను జనం ఎలా చూస్తారో మనకు తెలిసిందే, అదే తప్పు మనం ఇంకొకరికి చేయకూడదు.

నిపుణుడైన సాక్షి మాటనూ ఇలాగే తూచాలి. డిగ్రీలు చూసి ఊరుకోకుండా, ఏ ఆధారంతో ఆ మాట అన్నారో చూడండి.

4. ఏ తక్కెడలో తూస్తున్నారో గుర్తుంచుకోండి

డబ్బు దావాల్లాంటి సివిల్ కేసుల్లో సాధారణంగా ఒక పక్షం వైపు కొంచెం మొగ్గితే చాలు. క్రిమినల్ కేసులో అది సరిపోదు. సహేతుకమైన అనుమానం మిగలకుండా నేరాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. ముద్దాయి బోనెక్కకపోతే అది అతని హక్కు, ఆ మౌనాన్ని తప్పు ఒప్పుకున్నట్టు తీసుకోకూడదు. "బహుశా చేసే ఉంటాడు" అన్న దగ్గరే మీరు ఆగిపోతే, నిర్దోషి అనే చెప్పాలి.

5. చర్చించుకునే జ్యూరీ గదిలోకి వెళ్ళగానే ఓటుకు చేతులెత్తకండి

ముందే ఓటు చెప్పేస్తే తర్వాత దాన్ని నిలబెట్టుకోవడానికే వాదిస్తాం. ముందు నేరంలోని ఒక్కో అంశాన్నీ తీసుకుని, దానికి ఏ సాక్ష్యం ఉందో చెప్పుకోండి. సందేహం వస్తే జడ్జికి చీటీ రాసి పంపవచ్చు. ఎదుటివారి మాటలో న్యాయం కనిపిస్తే మనసు మార్చుకోండి, తొందరగా ఇంటికి పోదామని మాత్రం మార్చుకోకండి. 2020లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తీవ్రమైన క్రిమినల్ కేసుల్లో దోషి అనాలంటే అన్ని రాష్ట్రాల్లోనూ జ్యూరీ అంతా ఒక్క మాట మీద ఉండాలి. తీర్పు చదివాక కోర్టులో జ్యూరీ సభ్యులను ఒక్కొక్కరినే "ఇది మీ తీర్పేనా?" అని అడగవచ్చు. అప్పుడు ముద్దాయి ఎదురుగానే కూర్చుని ఉంటాడు.